దాది చదివిన ఎంగిలి

ఆ యంత్రానికి దాది అని పేరు పెట్టింది కుముదే. పూర్వం తల్లికి పాలు లేకపోతే తన పాలిచ్చి పెంచే మనిషిని అలా పిలిచేవారు కదా, అందుకని. కంపెనీలో అందరికీ ఆ పేరు నచ్చింది. ఇంట్లో అత్తగారు వరహాలమ్మ మాత్రం ఆరు వారాలుగా దాన్ని ఒక్కసారీ ఆ పేరుతో పిలిచిన పాపాన పోలేదు. "అది" అనేది. "అది మళ్ళీ కూస్తోంది, వెళ్ళి చూసుకో" అనేది. వంటగట్టు మీద మిక్సీ పక్కన, మిక్సీ అంత ఎత్తున తెల్లగా నిలబడి ఉండే ఆ వస్తువు మీద కన్ను పడ్డప్పుడల్లా ఆవిడ పెదవి ఒక పక్కకి వంకర తిరిగేది. ఆ వంకర చూస్తే కుముదకి ఒళ్ళు మండేది.

ఇద్దరికీ చెడింది దాది వల్ల కాదు. పాప పుట్టిన మూడో రోజునే చెడింది. కుముదకి పాలు పడలేదు. వరహాలమ్మ తెల్లారకుండానే కాకినాడ చేపల రేవుకి వెళ్ళి పాలసొర తెచ్చి కూర వండింది. వెల్లుల్లి కారం పెట్టింది, బొప్పాయికాయ కూర పెట్టింది, మెంతులు నానబెట్టి తాగించింది. చూడ్డానికి వచ్చిన ప్రతి ఆడమనిషీ కుముద మొహం చూసే ముందు ఆమె జాకెట్టు చూసి "పడుతున్నాయా?" అని అడిగేది. పన్నెండో రోజు సాయంత్రం పాప వట్టి రొమ్ము చీకి చీకి గుక్కపట్టి ఏడుస్తుంటే, గుమ్మంలో నిలబడ్డ వరహాలమ్మ తనలో తను అనుకున్నట్టుగా, అయినా వినపడేట్టుగా ఒక మాట అంది.

"చదువుకున్న ఒళ్ళు కదా, దానికీ పొగరే."

కుముద ఆ మాట వింది. మర్చిపోలేదు. పాల మీదే తొమ్మిదేళ్ళు పనిచేసిన మనిషి ఆమె. సామర్లకోట రోడ్డులో ఉన్న ఆ కంపెనీ లాబ్‌లో, పాప కడుపున పడకముందే దాదికి ప్రాణం పోసింది. నెలన్నర నిండాక మొట్టమొదటి దాదిని తన ఇంటికే తెచ్చుకుని వంటగట్టు మీద పెట్టింది. పెట్టిన వారానికే పాప బుగ్గలు తేరాయి. అప్పుడు అత్తగారి మొహం వైపు చూసి నవ్విన నవ్వులో ఆనందం ఎంత ఉందో కక్ష అంత ఉంది.

ఇప్పుడు పాపకి మూడు నెలలు నిండాయి. మర్నాటి నుంచి కుముద డ్యూటీకి వెళ్ళాలి. పగటిపూట సీసా పట్టాల్సింది వరహాలమ్మ. అందుకని కొనుక్కున్నవాళ్ళ కోసం తను రాసిన సూచనల పుస్తకం ఆవిడ చేతిలో పెట్టి, బడిపిల్ల చేత చదివించినట్టు పైకి చదివించింది. భర్త సూరిబాబు హార్బర్ నుంచి వచ్చి, ఆ దృశ్యం చూసి, చెప్పులు విప్పకుండానే మళ్ళీ బయటికి వెళ్ళిపోయాడు.

"మూడోది చదవండి అత్తయ్యగారూ."

"'సీసా పట్టే ముందు పాలు గోరువెచ్చగా ఉన్నాయో లేదో తప్పక చూసుకోవలెను.' చూత్తాలే."

"నాలుగోది."

"'పాలపీకను ఎవరూ ఎంగిలి చేయరాదు.'" వరహాలమ్మ పుస్తకం ఒళ్ళో పడేసింది. "ఎంగిలి సంగతి నాకు చెబుతున్నావా అమ్మాయ్? ఎంగిలి కంచం పక్కన మంచినీళ్ళ చెంబు కూడా పెట్టనిచ్చేది కాదు మా అమ్మ. పసిపిల్ల సీసా ఎంగిలి చేసేదాన్నా నేను?"

"మిమ్మల్ని అనడం లేదు. అందరికీ రాసింది."

"అందరికీ రాసింది నా చేత చదివించడం ఎందుకో."

"ఐదోది చదవండి," అంది కుముద.

*

లాబ్‌కి ఎవరైనా పెద్దవాళ్ళు వస్తే దాది గురించి చెప్పే పని కుముదదే. ఆమె ఉపన్యాసం ఇచ్చేది కాదు. తన పాప తాగేసిన ఖాళీ సీసా ఒకటి తెచ్చి, మూత తీసి, పాలపీకని దాది నోట్లో పెట్టేది. చిన్న గురగుర. తెర మీద అంకెలు.

"పాప ఎంగిలి చదువుతోంది," అనేది. "రొమ్ము చీకేటప్పుడు బిడ్డ ఎంగిలి కాస్త తల్లి ఒంట్లోకి పోతుందనీ, బిడ్డకి ఏం కావాలో ఆ కబురు అందుకుని తల్లి ఒళ్ళు పాలని మారుస్తుందనీ మా నమ్మకం. జలుబు చేస్తే ఒకలా, ఎండలకి ఒకలా. డబ్బాపాలకి ఆ చెవి లేదు. అందరికీ ఒకటే పాలు. దీనికి చెవి ఉంది. ఈ సీసా చదివి తర్వాతి సీసా కలుపుతుంది. తీపి, కొవ్వు, మాంసకృత్తులు, లవణాలు, అన్నీ దీని కడుపులో విడివిడి గొట్టాల్లో ఉంటాయి."

పాలపీక మీద కంటికి కనపడని పొర ఒకటి ఉంది. కుముద జీవితంలో గర్వపడే పని అదే. ముందు తగిలిన ఎంగిలినే ఆ పొర పట్టుకుని మూసుకుంటుంది. ఆ తర్వాతదంతా పాలతో కలిసి పలచబడుతుంది కనక వదిలేస్తుంది.

కంపెనీ పెద్ద పురుషోత్తం ఆ మాట వచ్చినప్పుడల్లా తల ఊపేవాడు. గోడ మీద కుముద పాప ఫోటో నిలువెత్తున వేయించాడు. అప్పటికే నలభై ఇళ్ళలో దాదులు పనిచేస్తున్నాయి. ఇంకో రెండు నెలల్లో బజారులోకి వస్తాయి.

ఒక్క షంషాద్ మాత్రమే అప్పుడప్పుడూ గొణిగేది. యంత్రానికి బుద్ధి నేర్పే పని ఆ అమ్మాయిది. "మేడమ్, ఒక తాళం పెడదాం. పాప ఎంగిలి కాదనిపిస్తే దాది పాలు కలపకుండా ఆగిపోవాలి. మూడు నెలలు ఇవ్వండి నాకు."

"మూడు నెలలు నా దగ్గర లేవు," అన్నాడు పురుషోత్తం. కుముద వైపు చూశాడు.

"పాలసీసా పాప నోట్లో కాక ఇంకెవరి నోట్లో పెడతారు షంషాద్?" అంది కుముద. అందరూ నవ్వారు. షంషాద్ కూడా నవ్వి కంప్యూటర్ మూసేసింది.

*

డ్యూటీలో చేరిన మూడో వారం నుంచి పాప నెమ్మదించింది. ఏడుపు తగ్గింది. సీసా తాగేది, పడుకునేది. సాయంత్రం కుముద వచ్చేసరికి పడుకునే ఉండేది. ఎత్తుకుంటే కళ్ళు తెరిచి చూసి, మళ్ళీ మూసేది. పురుషోత్తానికి చెబితే ఎగిరి గంతేసినంత పని చేశాడు. దాది పాలు తాగిన బిడ్డ తల్లిని నిద్రపోనిస్తుందని ప్రకటనలో వెయ్యమన్నాడు.

"పిల్ల మెత్తబడుతోంది," అంది వరహాలమ్మ ఒకరోజు పొద్దున్న.

"బుద్ధిగా ఉంటోంది."

"నేను ఇద్దర్ని కన్నాను. బుద్ధి వేరు, మెత్తబడ్డం వేరు. ఆ పాలు చప్పగా ఉంటున్నాయి అమ్మాయ్. తీపన్నది లేదు వాటిల్లో. నీ పాలు నాలుగు చుక్కలైనా వత్తున్నాయేమో, మళ్ళీ రొమ్ము పట్టి చూడకూడదూ?"

అంతే, కుముద ఒంటికాలి మీద లేచింది. "నాకు తెలుసు మాట ఎక్కడికి వస్తుందో. మీకు పాప గురించి కాదు బెంగ. నా రొమ్ము ఓడిపోయిందని ఇంకోసారి అనాలి మీకు. అనండి. పొగరని ఒకసారి అన్నారుగా, మళ్ళీ అనండి."

వరహాలమ్మ మొహం గంటు పెట్టుకుని లోపలికి పోయి, వక్కపలుకు నోట్లో వేసుకుని కూర్చుంది. సూరిబాబు టిఫిన్ డబ్బా పట్టుకుని జారుకున్నాడు.

ఆ వారం టీకాకి పిల్లల ఆసుపత్రికి తీసుకెళ్ళింది కుముద. అక్కడ సిస్టర్ రత్నకుమారి ఉండేది. తల్లిపాల వార్డు ఆవిడది. గోడల నిండా తల్లిపాల పోస్టర్లు ఆవిడ అంటించినవే. పాపని తూకం పళ్ళెంలో పడుకోబెట్టి అంకె చూసి, కార్డులో రాసి, ఎర్ర పెన్నుతో చుట్టూ సున్నా చుట్టింది. నెలలో నూరు గ్రాములు కూడా పెరగలేదు.

"ఏం పాలమ్మా?"

"దాది పాలు."

"అంటే డబ్బాపాలే కదా. పేరు మార్చారు."

"డబ్బాపాలు కావు. చేసినదాన్ని నేనే." కుముద గొంతు లేచింది. "పాలు పడని ఆడదాన్ని మీరు ఎప్పుడైనా చూశారా సిస్టర్, పోస్టర్లు మాత్రం అంటిస్తారా?"

"రోజూ చూస్తానమ్మా. పాలు పడేదాకా ఓపిక పట్టకముందే, మూడో రోజుకల్లా వాళ్ళ చేతిలో డబ్బా పెట్టే మీలాంటి వాళ్ళనీ చూస్తాను," అంది సిస్టర్. "పోట్లాట తర్వాత పెట్టుకుందాం. పదిరోజులకి మళ్ళీ తూకానికి తీసుకురండి."

కుముద ఆ ఎర్ర సున్నా మోసుకుంటూ ఇంటికి వచ్చింది. దాది తెర మీద లెక్కలు తిరగేసింది. రోజుకి ఎనిమిది సీసాలు. ఆరు సీసాల్లో ఒకే రకం అంకెలు. పొద్దున్నే ఒకటీ, సాయంత్రం ఒకటీ వేరుగా ఉన్నాయి. వాటి పక్కన దాది రాసుకుంది: పొరపాటు రీడింగులు, తీసివేశాను. యంత్రం తన చెత్త తను ఏరుకుంటోందనుకుని కుముద దాన్ని పట్టించుకోలేదు. మరి తప్పెక్కడ? తల పైకెత్తితే వంటింటి కిటికీలో, అప్పుడే కడిగి బోర్లించిన వెండి ఉగ్గుగిన్నె కనిపించింది. తడి ఇంకా ఆరలేదు.

ఇంకేముంది. దొరికిందనుకుంది.

"నేను లేనప్పుడు పాపకి ఏం పడుతున్నారు?"

వరహాలమ్మకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం పాలిపోయింది. "ఐదో నెల వత్తోంది. ఉగ్గు పెట్టే వేళవుతుందని తోమి పెట్టాను. అంతే."

"ఆవుపాలా? గంజా? వసా? ఏదో పోస్తున్నారు. అందుకే ఒంటికి పట్టడం లేదు. దాది పాలు పనికిరావని ఊరందరికీ చూపించాలి మీకు, పాప ఏమైపోయినా సరే."

ఆ మాట అన్నాక వెనక్కి తీసుకోవడానికి లేదు. వరహాలమ్మ లేచి ఉయ్యాల దగ్గరికి వెళ్ళి, నిద్రపోతున్న పాప తల మీద చెయ్యి పెట్టింది.

"ఈ పిల్ల తల మీద ఒట్టు. నీ సీసాలో పాలు తప్ప చుక్క ఇంకోటి పట్టలేదు. నీ పుస్తకంలో రాసిందంతా రాసినట్టే చేశాను. వేడి చూశాను. ఎంగిలి చెయ్యలేదు. చాలా?"

"చాలదు," అంది కుముద. "ఆదివారం తునిలో మీ అమ్మాయి దగ్గరికి వెళ్ళిపోండి. ఇక్కడ మీరు ఉండొద్దు."

సూరిబాబు తలుపు దగ్గరే ఉన్నాడు. తల్లి అతని వైపు చూసింది. భార్యా చూసింది. అతను ఫోన్ చూసుకున్నాడు.

*

ఆదివారం పొద్దున్న వరహాలమ్మ సంచి సర్దుకుని హాల్లో కూర్చుంది. వెళ్ళే ముందు ఒకసారి పాపని చూస్తానని కొడుకుతో చెప్పించింది. కుముద విసుక్కుంటూ పాపని లేపడానికి వెళ్ళింది. పాప లేవలేదు. ఎత్తితే చెయ్యి తడిగుడ్డలా వేలాడింది. ఒళ్ళంతా చల్లటి చెమట. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి, చూడ్డం లేదు. ఒక కాలు మాత్రం చిన్నగా కొట్టుకుంటోంది.

ఆటో ఎక్కేటప్పుడు పాపని వరహాలమ్మ అందుకుంది. కూర్చోగానే ఆవిడ ఒళ్ళోంచి కుముద లాక్కుంది. ఆసుపత్రిలో రత్నకుమారి సిస్టరే ఎదురైంది. ఒక్క మాట అడగకుండా పాప మడమ మీద సూదితో గుచ్చి రక్తపు చుక్క తీసింది.

"షుగర్ ఇరవై ఎనిమిది," అని డాక్టర్‌కి అరిచి చెప్పింది. కుముదకి ఆ అంకె అర్థం తెలుసు. ఒంట్లో ఉండాల్సిన తీపిలో సగం కూడా లేదు. ఇంకాస్సేపు ఆలస్యమైతే మెదడు దెబ్బతినేది, లేదా అసలు ప్రాణమే పోయేది.

గ్లూకోజు ఎక్కించారు. మధ్యాహ్నానికి పాప ఏడ్చింది. ఎన్నో వారాల తర్వాత ఆ ఏడుపు గట్టిగా వినిపించింది. కుముద గోడకి జారగిలబడి తనూ ఏడ్చింది. తీపి లేని పాలు తాగి పస్తున్న బిడ్డని బుద్ధిమంతురాలని మురిసిపోయింది తను.

డాక్టర్ ఇంట్లో మిగిలిన సీసా తెప్పించి పరీక్ష చేయించాడు. పాలల్లో ఉండాల్సిన తీపిలో మూడో వంతే ఉంది. "ఈ పాలు ఎవరు కలిపారు?" అన్నాడు. కుముద సూరిబాబుని పాప దగ్గర కూర్చోబెట్టి, లాబ్‌కి పరిగెత్తింది.

షంషాద్‌ని ఇంటి నుంచి పిలిపించింది. ఇద్దరూ కలిసి దాది చదివిన ఎంగిలి మొదటి నుంచీ చదివారు. దాది పని దాది చక్కగానే చేసింది. ఎంగిల్లో తీపి ఎక్కువగా కనపడింది. అందుకని పాలల్లో తీపి తగ్గించింది. అయినా తగ్గకపోతే మర్నాడు ఇంకాస్త. రోజూ కొంచెం కొంచెంగా, ఎంతో జాగ్రత్తగా.

"మేడమ్," అంది షంషాద్, గొంతు తగ్గించి. "ఇది పసిపిల్ల నోరు కాదు. చూడండి, వక్క ఆనవాళ్ళున్నాయి. వయసు అరవై దాటిన మనిషి. బాగా ముదిరిన షుగర్ జబ్బు."

కుముద తెర మీద సీసాల వేళలు చూసింది. రోజుకి ఆరు సీసాలు అత్తగారు పట్టినవి. మిగిలిన రెండూ, పొద్దుటిదీ సాయంత్రందీ, తను పట్టినవి. పాప నిజమైన ఎంగిలి ఉన్నవి ఆ రెండే. దాది వాటినే పొరపాటు అనుకుని పారేసింది.

వెంటనే లోపలినుంచి ఇంకొకటి పొంగింది. అబద్ధం. పిల్ల తల మీద చెయ్యి పెట్టి ముసల్ది అబద్ధపు ఒట్టు వేసింది. ఆ కోపం ఎంత హాయిగా ఉందంటే, అప్పటిదాకా గుండెల మీదున్న బరువంతా దిగిపోయినట్టయింది.

పురుషోత్తం ఫోన్ చేశాడు. షంషాద్ చెప్పగా విన్నాడు. "దేవుడు మనవైపున ఉన్నాడు కుముదగారూ. ఒక్క కాగితం చాలు. నాలుగో సూచనని ఉల్లంఘించాను, తప్పు నాదే అని మీ అత్తగారి సంతకం. పంపిస్తున్నాను, తీసుకెళ్ళండి."

"తీసుకెళ్తాను," అంది కుముద. ఆ కాగితం చేతిలోకి రాగానే ఆటో ఎక్కింది.

*

వార్డు వరండాలో బెంచీ మీద వరహాలమ్మ కూర్చుని ఉంది. తునికి సర్దిన సంచి కాళ్ళ దగ్గర అలాగే ఉంది. కుముద కాగితం ఆవిడ ఒళ్ళో పెట్టింది.

"పాలపీక నోట్లో పెట్టుకున్నారు. యంత్రం చదివింది. మీ వక్కతో సహా చదివింది. ఇప్పుడు కూడా లేదంటారా?"

"పెట్టుకోలేదు," అంది వరహాలమ్మ.

"మరి వేడి ఎలా చూశారు?"

"అందరూ ఎలా చూత్తారో అలాగే చూశాను."

ఆవిడ చీర చెంగు చేతిలోకి తీసుకుంది. పరీక్ష అయ్యాక డాక్టర్ తిరిగిచ్చిన ఖాళీ సీసా పక్కనుంచి తీసింది. పాలపీక మీద చెంగు కప్పి, మడత సరిచేసి, ఆ గుడ్డ మీంచే నోట్లో పెట్టుకుని రెండు గుక్కలు పీల్చి చూపించింది. తర్వాత చెంగు తీసేసి, దాని పొడి కొసతో పాలపీకని శుభ్రంగా తుడిచింది.

"ఇదిగో. ఇలా. కాకెంగిలి. బట్ట అడ్డం ఉంటే ఎంగిలెలా అవుద్ది? పసిపిల్ల నోరు కాలిపోతే? చూసుకోమని నువ్వే రాశావుగా."

కుముద తడిసిన చెంగు పట్టుకుని చూసింది. నోటి తడి ఆ బట్టలోంచి దిగి, పాప నోటికంటే ముందే పాలపీక పొరకి అంటుకుంది. బడిలో ఒక్క జీడి ముక్కని నలుగురు ఆడపిల్లలు పంచుకున్న మధ్యాహ్నాలు గుర్తొచ్చాయి. పరికిణీ అంచు కప్పి కొరికితే ఎంగిలి కాదు, అది కాకెంగిలి, ఎవరైనా తినొచ్చు. ఈ నేల మీద పుట్టిన ప్రతి పిల్లకీ తెలిసిన సంగతి. తనకీ తెలుసు. తొమ్మిదేళ్ళు ఎంగిలి మీద పరిశోధన చేసి, వేడి చూసుకోవలెనని రాసి, ఎలా చూడాలో రాయని మనిషి తను. మణికట్టు మీద ఒక చుక్క వేసుకోండి అని నాలుగు మాటలు రాసి ఉంటే సరిపోయేది.

ముసలావిడ అబద్ధం చెప్పలేదు. పైగా పాలు చప్పగా ఉన్నాయని మొదట చెప్పింది ఆవిడే. మీకెలా తెలిసిందని ఆరోజు ఒక్క ప్రశ్న అడిగి ఉంటే అప్పుడే బయటపడేది. తను అడగలేదు, పోట్లాడింది.

కుముద ఫోన్ తీసింది. "షంషాద్, మిగతా ఇళ్ళ లెక్కలు చూశావా?"

"చూస్తున్నాను మేడమ్. తొమ్మిది ఇళ్ళలో రెండు నోళ్ళు కనబడుతున్నాయి."

"నలభై దాదుల్నీ ఇప్పుడే ఆపెయ్. అందరికీ ఫోన్లు చెయ్. ఆ తొమ్మిది ఇళ్ళకి ముందు. పిల్లల్ని ఆసుపత్రికి తీసుకెళ్ళి షుగర్ చూపించమను."

"పురుషోత్తంగారు..."

"నేను ఆపమన్నానని చెప్పు. ఉద్యోగం పోయేది నాదే."

తర్వాత అత్తగారి ఒళ్ళోంచి కాగితం తీసుకుంది. అచ్చువేసిన వాక్యం కొట్టేసి కింద రాసింది: వేడి చూడమని రాసి, ఎలాగో రాయనిది నేను. తాళం అక్కర్లేదన్నది నేను. సంతకం చేసి, ఫోటో తీసి పురుషోత్తానికి పంపింది. క్షణంలో ఫోన్ మోగింది. మోగనిచ్చింది.

వరహాలమ్మ ఇదంతా చూస్తూనే ఉంది. జాలిపడ్డ ఛాయలు ఆవిడ మొహంలో లేవు.

"మీ వేలు ఇవ్వండి," అంది కుముద.

"ఎందుకు?"

"ఇవ్వండి అత్తయ్యగారూ."

సిస్టర్ దగ్గర్నుంచి మీటరు తెచ్చి, వేలికొసన గుచ్చి చుక్క తీసింది. మూడువందల ఎనభై ఆరు. సిస్టర్ తొంగిచూసి, "ఎన్నాళ్ళనుంచి ఉందమ్మా మీకు? మందులేం వాడుతున్నారు?" అంది.

"ఏముంది?" అంది వరహాలమ్మ.

ఎవరికీ తెలియదు. గంటకోసారి మంచినీళ్ళు తాగుతుంటే ఎండలనుకున్నారు. కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయంటే వయసనుకున్నారు. మూడేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నారు.

కుముద నేల చూస్తూ చెప్పింది, దాది ఏం చదివిందో, పాలల్లో తీపి ఎందుకు తగ్గించిందో. వరహాలమ్మ అంతా వింది.

"అంటే అది నాకు పత్యం పెట్టిందన్నమాట," అంది చివరికి. "నా కొడుకు చూళ్ళేదు. నువ్వు చూళ్ళేదు. ఆ డబ్బా చూసింది. నా పత్యం నా మనవరాలి చేత తినిపించింది."

కుముద మీటరు పక్కన పెట్టింది. పన్నెండో రోజు నాటి మాట ఇప్పటికీ ఆమె గొంతులో ముల్లులా ఉంది. ఇప్పుడు అత్తగారి గొంతులోనూ ఒకటి దిగింది. పాప ఏమైపోయినా సరే అన్న ఆ మాట. రెండూ పోయేవి కావని ఇద్దరికీ తెలుసు.

సిస్టర్ వచ్చి, "పాలబ్యాంకు నుంచి తల్లిపాలు వచ్చాయి. ఇంకో తల్లి ఇచ్చినవి. సీసా మేం పెట్టం. చిన్న గిన్నె ఏదైనా ఉందా?" అని అడిగింది. ఎవరో ముక్కూమొహం తెలియని ఆడదాని పాలు. కుముదకి ఆ క్షణంలో కూడా మనసు చివుక్కుమంది. వరహాలమ్మ వంగి, సంచి అడుగునుంచి వెండి ఉగ్గుగిన్నె తీసి సిస్టర్‌కి ఇచ్చింది. సిస్టర్ దాన్ని వేడినీళ్ళలో మరిగించి, పాలు పోసి తెచ్చింది.

పాప మంచం మీద కళ్ళు తెరిచి, పిడికిళ్ళు ఆడిస్తోంది. సూరిబాబు లేచి పక్కకి తప్పుకున్నాడు. కుముద గిన్నె అత్తగారికి చాపింది. బతిమాలుతున్నట్టు లేదు, ఆజ్ఞాపిస్తున్నట్టూ లేదు.

"మీరు పట్టండి. మీ చేతి అలవాటు దానికి."

వరహాలమ్మ చేతులు రెండూ చెంగులో దాచుకుంది. "నేను ముట్టుకోను. ఈ జన్మలో ఇంక ముట్టుకోను. నువ్వే పట్టుకో."

కుముద పాపని ఒళ్ళోకి తీసుకుంది. గిన్నె ముక్కు పాప పెదవి దాకా తెచ్చి ఆగింది. మరీ వేడిగా ఉన్నాయేమో. చప్పున గిన్నె వెనక్కి తీసుకుని, తన పెదవికి ఆనించి ఒక చుక్క చప్పరించి చూసింది. తియ్యగా ఉన్నాయి. గోరువెచ్చగా ఉన్నాయి. చూశాక గానీ తను చేసిన పని తనకి తెలియలేదు. తలెత్తింది.

వరహాలమ్మ చూస్తోంది.

"ఎంగిలయింది," అంది ఆవిడ.

కుముద గిన్నె ముక్కు పాప నోట్లో పెట్టింది. పాప తాగింది.